మా వాకిట్లో ఫియట్ ఇంజను

(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17 నాటి నకారా కేసు తీర్పును తలుచుకుంటాం. పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన కొలువుకు రావలసిన హక్కు అని సుప్రీంకోర్టు తేల్చిన రోజు ఇది. దాని మీద మాట్లాడే పెద్దలు నాకంటే ముందే మాట్లాడారు. డి.ఏ. బకాయిల మీద మాట్లాడవలసినవారు నా తర్వాత ఉన్నారు. నడుమ నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "నువ్వు ఇంట్లో ఏదో ఇంజను విప్పి బిగించినవంట గదా, గది చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. కనుక గది చెప్తాను.

నా గురించి తెలియనివారికి ఒక మాట. నేను ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి 2013లో రిటైరయ్యాను. అంటే నేను మెకానిక్కును కాను, మెకానిక్కులకు పాఠం చెప్పినవాణ్ణి. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో బజారులో షెడ్డు నడిపే నా శిష్యులను అడిగితే నవ్వుకుంటూ చెప్తారు.

బండి సంగతి. 1971 మోడలు ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసినది. ఇదే బండికి 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 75 మిల్లీమీటర్లు. బలం సుమారు 40 గుర్రాలు. ఇప్పటి మామూలు చిన్న కారుకే 80 గుర్రాల బలం ఉంటోంది కాబట్టి మా మనవడు ఈ లెక్క విని, "తాతా, గిది కారా, కుట్టుమిషనా?" అన్నాడు.

కానీ ఆ రోజుల లెక్క వేరు. కారు కొనాలంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్, ఈ మూడే. పేరు రాయించుకొని ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఆ మూడింటిలో చురుకైనది, చేతికి తేలిగ్గా తిరిగేది ఫియట్. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద కార్ల పందేలు జరిగేవి. అక్కడ పరుగెత్తినవాటిలో ఈ ఫియట్లు చాలా ఉండేవి. ఇంజను హెడ్డు అరగదీసి, రెండేసి కార్బురేటర్లు పెట్టి, సీట్లు ఊడబీకి పరుగెత్తించేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన పందెపు బాట కట్టేదాకా మన దక్షిణాదిన వేగానికి షోలవరమే గుడి. కనుక మా మనవడికి నేను చెప్పిన జవాబు ఏమిటంటే, ఇది కుట్టుమిషనే గాని పందెం కుట్టుమిషను.

ఈ బండి మన భైంసాలో ఒక డాక్టరు గారిది. పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పేరు చెప్పను. 1979 వానాకాలంలో మా అక్కకు కాన్పు కష్టమైతే రాత్రి పదకొండింటికి, బస్సు లేదు, జీపు లేదు, ఆయనే ఈ ఫియట్ తీసి వెనక సీట్లో అక్కను పడుకోబెట్టి నిజామాబాదు పెద్దాసుపత్రి దాకా నడిపారు. పెట్రోలు పైసలు ఇస్తే తీసుకోలేదు. ఆ తెల్లవారి పుట్టిన మా మేనకోడలు ఇప్పుడు బడిపంతులమ్మ. డాక్టరు గారు 1998లో పోయారు. బండి వారికి తెలిసినవారి జిన్నింగు మిల్లు షెడ్డులో పత్తి దుమ్ము కింద పాతికేళ్లు పడి ఉంది.

2023లో ఆయన భార్య, అప్పటికే ఎనభై రెండేళ్ల పెద్దమనిషి, కబురు పంపారు. పాత ఇనుమువాళ్లు వచ్చి కిలోల లెక్క అడుగుతున్నారట. "బిడ్డా, నీకు ఇంజన్ల పని ఎరుకనే గదా. ముక్కలు జేసి అమ్ముడు నాకు మనసొప్పుతలేదు. నువ్వు తీస్కపో. నేను పొయ్యేలోగ ఒక్కసారి దీంట్ల కూసోని బాసర పోయొస్త" అన్నారు. ధర మాట్లాడమంటే నలభై వేలు చెప్పారు. నలభై వేలు ఇచ్చాను.

మా ఇంటావిడ రెండు షరతులు పెట్టింది. బండి ధర కాక లక్షా ఇరవై వేలు దాటకూడదు. బరువులు నేను ఎత్తకూడదు. రెండోది చాలా మంచి షరతు. ఈ వయసులో ఇంజను పని చేద్దామనుకునేవారు ముందు నడుము గురించి ఆలోచించాలి. బోరుబావుల్లో మోటారు పైకి తీసేవాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి. రోజు కిరాయికి అవే తెచ్చి వేపచెట్టు కింద పెట్టి ఇంజను లేపాము. చెట్టు కొమ్మకు వేలాడదీద్దామన్నవారున్నారు. నేను ఒప్పుకోలేదు. చెట్టుకు బరువు మోసే సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు గదా.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. పాతికేళ్లు కదలని ఇంజనులో రింగులు తుప్పుపట్టి గోడకు అంటుకుంటాయి. దీనికి మందు ఓపికే. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలు, గేరు ఆయిలు కలిపి పోసి, రెండు రోజులకొకసారి క్రాంకు కొసన పానా వేసి ఇటు అటు మెల్లగా ఆడించాము. పదిహేడో రోజు పొద్దున వెంట్రుకవాసి కదిలింది. పక్క గల్లీలో ఉండే పాత ఉస్తాద్, డెబ్బై అయిదేళ్లవాడు, ఆ రోజు వచ్చి చెవి ఆనించి విని, "జిందా హై సాబ్" అన్నాడు. సుత్తి పట్టుకుందామని మూడో రోజే చేతులు దురదపెట్టిన మా మనవణ్ణి ఆపడమే ఆ పదిహేడు రోజులూ అసలు పని.

విప్పేటప్పుడు నేను ఐటీఐలో చెప్పిన పద్ధతినే పాటించాను, కాకపోతే సరంజామా వంటింటిది. కోడిగుడ్ల అట్టల్లో ట్యాపెట్లు, వాల్వులు వరుసగా. ఒక అట్టపెట్టెకు ఎనిమిది చిల్లులు పొడిచి పుష్‌రాడ్లు. ఏ వాల్వు ఏ సీటులో కూర్చున్నదో అక్కడికే మళ్లీ పోవాలి. ఒకదానికొకటి అరిగి అలవాటుపడ్డ జతలు అవి, మార్చితే కుదరవు. బేరింగు క్యాపులు కూడా అంతే. బోల్టులు మాత్రం మా మనవడు ఫోనులో ఫోటోలు తీసి పెట్టాడు. అది నేను క్లాసులో చెప్పని పద్ధతి, కానీ నాకు బాగా నచ్చింది.

ఇక కొలతలు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఈ ఇంజను బతకడమూ చావడమూ ఇక్కడే తేలింది.

సిలిండరు గోడ పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. గోడ గుండ్రంగా, నిటారుగా లేకపోతే కొత్త రింగులు వేసినా ఆయిలు తాగుతుంది. కనుక రీబోరు చేయించాలి. 20 థౌ, అనగా అర మిల్లీమీటరు పెద్దది చేస్తే సరిపోతుందని లెక్క తేలింది. వేరే ఊళ్లో ఒక లేతు షాపుకు బ్లాకు పంపాను. పది రోజులకు వచ్చింది. చూపుకు అద్దంలా ఉంది. మా శిష్యుని దగ్గర బోరు గేజి తెచ్చి ఒక్కో సిలిండరును పైన, నడుమ, కింద మూడు చోట్ల, రెండేసి దిక్కుల్లో కొలిచాను. మూడో సిలిండరులో పైకీ కిందికీ మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతుల తేడా ఉంది. పిస్టనుకూ గోడకూ మధ్య ఉండవలసిన సందే నూటికి అయిదారు వంతులు! తల వెంట్రుక మందం కూడా కాదు. అందులో నాలుగు వంతులు తేడా ఉంటే ఇంకేం మిగిలినట్టు? ఆ షాపాయన, "రింగులు సర్దుకుంటయి సారూ, ఎవరు కొలుస్తరు?" అన్నాడు. నేను కొలుస్తానయ్యా, ముప్పయ్యేళ్లు పిల్లలకు కొలవడం నేర్పి జీతం తిన్నవాణ్ణి.

దాంతో ఇంకో ఊళ్లో ఇంకో షాపు. అక్కడ 40 థౌకు వెళ్లవలసి వచ్చింది, అనగా పూర్తి మిల్లీమీటరు. కొన్న పిస్టన్లు పనికిరావు, కొత్తవి కావాలి. ఫియట్ పిస్టన్లు ఇప్పుడు ఏ దుకాణంలోనూ వరుసగా దొరకవు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో రెండు దొరికాయి, నాలుగు కావాలి. చివరికి మా మనవడు దేవగిరి ఎక్కి బొంబాయి పోయాడు. బొంబాయిలో నలుపు పసుపు పద్మిని టాక్సీలకు 2023 అక్టోబరు 30తో రోడ్డు మీద నూకలు చెల్లాయి. ఆఖరి టాక్సీ 2003లో రిజిస్టరైంది, ఇరవై ఏళ్ల గడువు అయిపోయింది. ఆ టాక్సీలను నడిపినవాళ్ల, బాగుచేసినవాళ్ల దగ్గర సామాను ఇంకా మూలల్లో ఉంది. పెట్టె విప్పని పిస్టన్ల సెట్టు ఒకటి, క్రాంకు బేరింగులు, టైమింగు చైను పట్టుకొచ్చాడు వాడు. రెండు రోజులు కుర్లా గల్లీలు తిరిగాడట. వాడు అప్పటికి మూడో సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నాడు. వచ్చిన రాత్రి పన్నెండు దాకా బొంబాయి ముచ్చట చెప్పాడు.

ఈ తిరుగుడులో ఏడు వారాలు పోయాయి. అదే సమయంలో డాక్టరు గారి భార్య ఊపిరి ఆడక నిజామాబాదు ఆసుపత్రిలో చేరారు. చూడబోతే ముక్కుకు గొట్టంతోనే, "బిడ్డా, బండి అయ్యిందా?" అని అడిగారు. బ్లాకు రెండోసారి బోరుకు పోయిందని ఎట్లా చెప్పేది? "రంగు ఆరుతుందమ్మా" అన్నాను.

ఇప్పుడు బలం పెంచే సంగతి. చాలామంది రీబోరు చేస్తే ఇంజను పెద్దదై బలం పెరుగుతుందనుకుంటారు. లెక్క చూడండి. 68 మిల్లీమీటర్లకు 1089 సీసీ. 69 మిల్లీమీటర్లకు 1122 సీసీ. నూటికి మూడు పెరిగింది, అంతే. పెరిగేది ఒక గుర్రం చిల్లరేనని మనవడు నిరాశపడ్డాడు. బలం వచ్చేది పీల్చిన గాలిని ఎంత గట్టిగా నొక్కుతామన్న దాని నుంచి, ఎంత సులువుగా పీల్చి వదులుతుందన్న దాని నుంచి.

నొక్కుడు నిష్పత్తి ఎట్లా తెలుస్తుంది? ఒక్కో సిలిండరులో పిస్టను కదిలే చోటు 272 సీసీ. పైన మంట మండే గది అన్నీ కలిపి 40 సీసీ ఉందనుకోండి. 312ను 40తో భాగిస్తే 7.8. మా బోరు పెరిగాక 272 కాస్తా 280 అయింది, అదే గదికి నిష్పత్తి 8. గదిని 38 సీసీకి తగ్గిస్తే 8.4 అవుతుంది. రెండే రెండు సీసీల ఆట ఇది. కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. హెడ్డును తిరగేసి, వాల్వులు కూర్చోబెట్టి, గది మీద గ్రీజు రాసి చిల్లు ఉన్న అక్రిలిక్ పలక అంటించి, సిరంజితో డీజిలు ఎక్కించాలి. నిండేటప్పటికి ఎన్ని సీసీలు పోయిందో అదే గది కొలత. మెడికల్ షాపులో యాభై సీసీల సిరంజి అడిగితే ఆ పిల్లవాడు, "ఎవరికి బాగలేదు సారూ?" అన్నాడు. ఫియటుకు అన్నాను.

నాలుగు గదులూ సమానంగా లేవని అప్పుడు తెలిసింది. చిన్నవాటిని రాపిడి రాయితో కొంచెం కొంచెం తీసి నాలుగింటినీ ఒక్కటి చేసి, ఆపైన హెడ్డు అడుగు అరగదీయించాము. మనవడు నిష్పత్తి 9.5 కావాలన్నాడు. నేను 8.4 దగ్గర ఆపాను. ఈ ఇంజను క్రాంకు మూడు బేరింగుల మీదే తిరుగుతుంది. మన దగ్గర మే నెలలో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వేడికి, ఎక్కువ నొక్కుడుకు పెట్రోలు ముందే అంటుకొని లోపల సుత్తితో కొట్టినట్టు నాకింగు వస్తే, పిస్టను తలకు చిల్లు పడుతుంది. పందెం బండి రెండు గంటలు బతికితే చాలు. మన బండి బాసర పోయి రావాలి.

వాల్వు సీట్ల ముచ్చట ఒకటి ఉంది. పాతకాలం పెట్రోలులో సీసం కలిపేవారు. అది నాకింగును ఆపడమే కాక వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తటి పొరగా ఉండేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మనుషుల ఊపిరితిత్తులకు, పిల్లల మెదళ్లకు అది మంచి పని. మా బండి ఆగిపోయింది 1998లో. అంటే దాని సీట్లు సీసానికే అలవాటుపడినవి. అందుకని పొగ వాల్వులకు గట్టి లోహపు సీట్లు కొత్తగా దిగ్గొట్టించాము. హెడ్డు అల్యూమినియం కనుక దాన్ని వేడిచేసి, సీటును చల్లార్చి కూర్చోబెట్టాలి. తర్వాత వాల్వులు రుద్దే పని నేనే చేశాను. పుల్లకు రబ్బరు గిన్నె ఉంటుంది, దాన్ని రెండు అరచేతుల నడుమ కవ్వంలా తిప్పాలి. మొదట గరగర అంటుంది, కుదిరాక సవ్వడి మెత్తబడుతుంది. ఎనిమిది వాల్వులకు నాలుగు పగళ్లు పట్టింది. బీపీ మాత్ర కంటే మంచిగా పనిచేసింది నాకు.

ఇప్పటి పెట్రోలులో ఎథనాల్ నూటికి ఇరవై పాళ్లు. దీనితో పాత బండ్లకు చిక్కులున్నాయి, ఒక మేలూ ఉంది. మేలు ఏమిటంటే ఎథనాల్ నాకింగును తట్టుకుంటుంది, మా 8.4 నిష్పత్తికి అది కలిసి వచ్చింది. చిక్కులు చూడండి. పెట్రోలు ఒక పాలు మండడానికి గాలి 14.7 పాళ్లు కావాలి, ఎథనాల్‌కు 9 పాళ్లు చాలు. పాత కార్బురేటరు పాత లెక్కకే పోస్తుంది గనుక మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. జెట్ మీద చెక్కిన అంకె మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. ఒక మెట్టు పెద్ద జెట్ వేశాము. రెండోది, పాత రబ్బరు గొట్టాలు, పంపులోని పొర ఎథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. అన్నీ మార్చాము. మూడోది, ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలిపేటప్పుడు టాంకు సగం ఖాళీగా పెట్టకండి. మీ స్కూటర్లకూ ఇదే మాట.

ఫియటుకు ఎండాకాలపు జబ్బు ఒకటి ఉండేది, పాతవాళ్లకు గుర్తుండాలి. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయేది. డ్రైవరు దిగి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి బీడీ కాల్చుకునేవాడు. పంపు ఇంజనుకు అంటుకొని ఉండడంతో అందులోని పెట్రోలు ఆవిరై, పంపు గాలిని మింగేది. దీనికి టాంకు దగ్గర చిన్న కరెంటు పంపు పెట్టి అక్కడినుంచి ముందుకు తోయించాము. కాని ఒక జాగ్రత్త ఉంది. ప్రమాదం జరిగి ఇంజను ఆగినా పంపు పోస్తూనే ఉంటే మంటలే. ఆయిలు ఒత్తిడి ఉంటేనే పంపు నడిచేటట్టు స్విచ్చి కలపాలి. ఆ స్విచ్చి లేకుండా కరెంటు పంపు బిగించేవాణ్ణి నేను మెకానిక్కు అనను. రేడియేటరు కోరు కొత్తది, థర్మోస్టాట్ కొత్తది. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర అలవాటు. ఇంజను ఎప్పుడూ సరైన వేడికి రాక ఆయిలు చెడి, రింగులు అరుగుతాయి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను, డైనమో బదులు ఆల్టర్నేటరు పెట్టాము. రెండు కార్బురేటర్లు మాత్రం వద్దన్నాను.

మనవడికి ఇంకో కోరిక ఉండేది. ప్రీమియర్ వారే 1985లో తెచ్చిన 118 ఎన్.ఇ. కారులో నిస్సాన్ ఇంజను ఉండేది, 1171 సీసీ. దాన్ని తెచ్చి ఇందులో పెడితే ఈ తంటా అంతా లేదు గదా అని. ఇంజనీరింగు లెక్కలో వాడు చెప్పింది సబబే. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, ఆర్.సి.లో ఇంజను నెంబరు ఉంటుంది. అదీగాక, డాక్టరు గారి బండి అని మనం తెచ్చి, గుండె తీసి వేరేది పెడితే అది ఎవరి బండి? ఈ మాట మీద మాకు రెండు రోజులు వాదన జరిగింది. వాడు నన్ను ఛాందసుడు అన్నాడు. అననీయండి.

కాగితాల సంగతి మీకు పనికొస్తుంది గనుక చెప్తాను. యజమాని చనిపోయిన బండి ముందు వారసుల పేరున మారాలి, దానికి ఫారం 31. తర్వాత అమ్మకానికి 29, 30. రిజిస్ట్రేషను గడువు తీరితే ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి ఈ రెన్యువలు రుసుము పదివేలు చేశారు, మేము అంతకుముందే కట్టాము, అయిదు వేలతో పోయింది. 2021 జూలైలో యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను అని కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. దానికి ఇరవై వేలు, పైగా బండి మొదటి రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు తీసుకుపోయేవారికి అది బాగు. పెద్దావిడను బాసర తీసుకుపోవలసిన మాకు మామూలు ఆర్.సి.యే కావాలి.

ఇంజను బిగించాక మొదటిసారి ప్లగ్గులు తీసి స్టార్టరు తిప్పి, ఆయిలు ఒత్తిడి ముల్లు లేచేదాకా చూశాము. తర్వాత ప్లగ్గులు పెట్టి, మంట వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు అని మనవడు పైకి చదువుతుంటే వైర్లు కలిపాను. మూడో తిప్పుకు అంటుకుంది. కంప్రెషను నాలుగు సిలిండర్లలో 140 పౌండ్లకు అటూ ఇటూ రెండేసి తేడాతో వచ్చింది. 2025 ఫిబ్రవరి 8. మా ఇంటావిడ వచ్చి చూసి, "గింత చప్పుడు తక్కువనా?" అని, లోపలికి పోయి చక్కెర తెచ్చి అందరి చేతుల్లో పోసింది. లెక్క కూడా అప్పుడే అడిగింది. లక్షా ముప్పై ఒక్క వేలు అయింది. మిగిలిన పదకొండు వేల మీద చర్చ ఇంకా నడుస్తోంది.

బలం పెంచితే బ్రేకులు పెంచాలి. ఇది నేను మనవడికి ముందే చెప్పి, ఇంజను పనికంటే ముందు బ్రేకులే చేయించాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. లైనింగులు, సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించాము. మొదటి అయిదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా, కానీ ఒకే వేగాన గాక పెంచుతూ తగ్గిస్తూ నడిపాము. రింగులు గోడకు కుదిరేది అట్లానే. ఆ తర్వాత ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులు నడుమ నుంచి చివరలకు మళ్లీ టార్కు పట్టాము. అల్యూమినియం హెడ్డును వేడి మీద ముట్టుకోరాదు. పరీక్షకు నిర్మల్ అవతల మహబూబ్ ఘాటుకు పోయాము. నలుగురం కూర్చున్నా మూడో గేరులోనే ఎక్కింది. దిగేటప్పుడు గేరులోనే దింపాను, బ్రేకు మీద కాలు ఆనించి పెట్టలేదు. పక్కనుంచి పోయే లారీ డ్రైవరు తల బయటపెట్టి చేయి ఊపాడు.

డాక్టరు గారి భార్య అప్పటికి ఇంటికొచ్చి ఉన్నారు, ఆక్సిజను యంత్రం పక్కన. వసంత పంచమి రద్దీ అయిపోయాక, మార్చిలో ఒక మామూలు బుధవారం పొద్దున్నే బయల్దేరాము. ముందు సీట్లో ఆమె, వెనక మా ఇంటావిడ, మా మేనకోడలు, చిన్న ఆక్సిజను సిలిండరు. మా మేనకోడలు ఆ బండి ఎక్కడం రెండోసారి, మొదటిసారి కడుపులో ఉంది. పెద్దావిడ ముధోల్ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్టీరింగు కింద గేరు కడ్డీ చూపించి, "ఆయన మూడో గేరు ఏసేటప్పుడు గిట్ల జర గుంజేటోడు, ఇప్పుడు గుంజుతలేదు, ఏం జేసినవ్?" అన్నారు. లింకేజీ బుష్షులు మార్చాను అని చెప్పాను. "మంచిగున్నది గని, గా గుంజుడు పోయింది" అన్నారు. దర్శనం అయింది. చక్రాల కుర్చీ తోసింది మా మేనకోడలు. తిరుగుదారిలో ఆమె నిద్రపోయారు. జూలైలో కాలం చేశారు.

బండి ఇప్పటికి మూడు వేల చిల్లర కిలోమీటర్లు తిరిగింది. ఆయిలు చుక్క తగ్గలేదు. మా మనవడు తప్పిన రెండు సబ్జెక్టుల్లో ఒకటి గట్టెక్కాడు, ఇంకోటి మళ్లీ రాశాడు. వచ్చే ఆదివారం ట్యాపెట్ల సందు చూస్తాము. ఫీలర్ గేజి మీద అంకెలు చదవడానికి నా కళ్లజోడు సరిపోవడం లేదు, చూపు బాగున్నవాళ్లు ఎవరైనా వస్తే సంతోషం. ఎనిమిది గంటలకల్లా రండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టీ మా ఇంట్లోనే.